లెక్కకు రాని అంతస్తులు

నేల మీద నాలుగు స్లాబులు, కాగితం మీద జి ప్లస్ టూ. ఏది అంతస్తో ఏది కాదో తేల్చే నిర్వచనాల మీదే జుగ్సలాయి నుంచి గచ్చిబౌలి దాకా మధ్యతరగతి ఇళ్ల భవితవ్యం ఆధారపడి ఉంది

టాటానగర్ రైల్వేస్టేషన్‌కు చేరువలోని జుగ్సలాయి బజారు సందుల్లో ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి చేయివేసుకుని నిలబడినట్టుంటాయి. కింద దుకాణం, దాని వెనక గోదాము, పైన సంసారం, ఆ పైన అద్దె గదులు. అన్నిటికన్నా పైన, ఆకాశంలోకి చూస్తూ తుప్పుపట్టిన ఇనుప చువ్వలు. ఏ ఊళ్లోనైనా ఆ చువ్వలకు అర్థం ఒక్కటే. ఇల్లు ఇంకా పూర్తికాలేదు, డబ్బు చేతికందితే మరో స్లాబు పడుతుంది.

ఇప్పుడు అలాంటి ఇంటికి ఎన్ని అంతస్తులని అడగండి. అద్దెకున్నవాళ్లు ఒక లెక్క చెబుతారు, స్లాబు పోసిన మేస్త్రీ మరో లెక్క చెబుతాడు. పురపాలక కార్యాలయంలోని ప్లానులో ఇంకో సంఖ్య ఉంటుంది. అప్పు ఇవ్వబోయే బ్యాంకు పంపిన ఇంజనీరు వీటిలో దేన్నీ నమ్మడు, టేపు తీస్తాడు. వీళ్లంతా అబద్ధమాడుతున్నారని కాదు. అంతస్తు అనే మాటకు వీళ్లలో ఒక్కొక్కరిది ఒక్కో అర్థం.

చిక్కు భాషలోనే మొదలవుతుంది. జంషెడ్‌పూర్ హిందీలో ఇంటిని ‘తల్లా’ల్లో లెక్కిస్తారు. ‘తీన్ తల్లా’ అంటే నేలమట్టపు వాటాతో కలిపి మూడు. బెంగాలీలోనూ అంతే, ‘ఏక్‌తలా’ అంటే నేల మీదిదే. తెలుగులో మూడంతస్తుల మేడ అన్నా ఇదే లెక్క. కానీ అదే తెలుగువాడు అద్దె ఇల్లు వెతికేటప్పుడు ‘ఫస్ట్ ఫ్లోర్’ అంటే మెట్లెక్కి వెళ్లేదే. అనుమతి పత్రంలో జి ప్లస్ టూ అని ఉంటే దాని భావం మూడు. కొందరు అది రెండే అనుకుని మోసపోయామని గొడవపడతారు, మరికొందరు మూడు పైన ఇంకొకటి వేసుకోవచ్చనుకుని ఇరుక్కుంటారు.

జంషెడ్‌పూర్ తెలుగువాళ్లకు ఈ గందరగోళంలో అదనపు వాటా ఉంది. ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు కర్మాగారానికి, రైల్వేకు పనికొచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడ ఉన్నాయి. బిష్టుపూర్ రామమందిరం, కదమాలోని ఆంధ్రా అసోసియేషన్ వాళ్ల ఉనికికి గుర్తులు. మనవైపు మేస్త్రీ ‘బేస్‌మెంట్ అయిపోయింది’ అంటే ఇంటి పునాది నేలమట్టం నుంచి లేచి గదుల నేల దాకా వచ్చిందని అర్థం. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల మొదటి విడత లక్ష రూపాయలు విడుదలయ్యేది కూడా ‘బేస్‌మెంట్’ పూర్తయ్యాకే. నిబంధనల పుస్తకంలో మాత్రం బేస్‌మెంట్ అంటే మనం సెల్లార్ అనే భూగర్భపు అంతస్తు. శ్రీకాకుళం మాటను జార్ఖండ్ దరఖాస్తులో రాస్తే, లేని అంతస్తు ఒకటి కాగితం మీద పుట్టుకొస్తుంది.

జుగ్సలాయిలోనే ఈ సమస్య ఇంత చిక్కగా ఉండటానికి చారిత్రక కారణముంది. జంషెడ్‌పూర్ అనగానే గుర్తొచ్చే వెడల్పాటి రోడ్లు, చెట్లు, కంపెనీ క్వార్టర్లు అన్నీ టాటాల అధీనంలోని భూమిలోవి. కెనెడీ నుంచి 1940లలో జర్మన్ వాస్తుశిల్పి ఆటో కోనిగ్స్‌బర్గర్ దాకా ఆ ఊరికి ప్రణాళికలు గీసిన వాళ్లకు కొదవలేదు. జుగ్సలాయి ఆ గీతలకు అవతల పెరిగింది. ప్రైవేటు జాగాలు, వ్యాపారుల గోదాములు, ఇరుకు సందులు. ఈనాటికీ పిన్‌కోడు, బస్సు బోర్డు జంషెడ్‌పూర్ అనే చెప్పినా ఇంటి ప్లానుకు మంజూరు ఇవ్వాల్సింది జుగ్సలాయి నగర పరిషత్తే. బిష్టుపూర్, సాక్చిలు నోటిఫైడ్ ఏరియా కమిటీ కిందికి వస్తాయి, మాంగోది మరో సంస్థ. 2011 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 50 వేల మంది ఉన్న జుగ్సలాయికి పక్కకు విస్తరించే చోటు లేదు. ఇక మిగిలింది పైకి పోవడమే.

పైకి ఎంత పోవచ్చన్నది తేల్చేవి 2011 జార్ఖండ్ మునిసిపల్ చట్టం, దాని కింద వచ్చిన 2016 భవన నిర్మాణ నిబంధనలు. మిగతా రాష్ట్రాల మాదిరిగానే వీటికీ మాతృక జాతీయ భవన నిర్మాణ స్మృతి. ఆ స్మృతి అంతస్తుకు ఇచ్చిన నిర్వచనం వినడానికి చాలా అమాయకంగా ఉంటుంది. ఒక నేల ఉపరితలం నుంచి దాని పైనున్న నేల ఉపరితలం దాకా ఉండే భాగం అంతస్తు. పైన మరో నేల లేకపోతే సీలింగ్ దాకా. ఇంతే. దీని ప్రకారం చూస్తే సెల్లారూ అంతస్తే, కార్లు నిలిపే స్టిల్టూ అంతస్తే, మిద్దె మీది ఒంటిగదీ అంతస్తే.

అసలు కథ నిర్వచనంలో కాదు, మినహాయింపుల్లో ఉంది. మన ఇళ్లలో అటక తెలియనివాళ్లు లేరు. స్మృతి దాన్ని కూడా వదల్లేదు. సామాను దాచుకోవడానికే వాడాలి, ఎత్తు 1.5 మీటర్లు మించరాదు. అంటే మనిషి నిటారుగా నిలబడలేనంత వరకే అది అటక. మెజనైన్ అంటే రెండు అంతస్తుల నడుమ వేసుకునే అరకొర అంతస్తు. అది కిందనున్న అంతస్తు వైశాల్యంలో మూడో వంతుకు మించకూడదు, ఎత్తు 2.2 మీటర్లకు తగ్గకూడదు. జుగ్సలాయి లాంటి బజారుల్లో దుకాణం లోపల చెక్కమెట్లెక్కి వెళ్లే సరుకు గది చాలాసార్లు మెజనైన్‌గా పుట్టి, వెనక గోడ దాకా పాకి, పూర్తి అంతస్తుగా స్థిరపడుతుంది. నివాసపు గదికి నేల నుంచి సీలింగ్‌కు కనీసం 2.75 మీటర్లు ఉండాలి. సెల్లార్ పైకప్పు చుట్టుపక్కల నేలమట్టం కన్నా 0.9 మీటర్ల నుంచి 1.2 మీటర్ల దాకానే పైకి తేలి ఉండాలి. అంతకు మించి తేలితే భూగర్భమనే ముసుగు తొలగిపోయినట్టే.

విచిత్రమేమంటే ఇంటి ఎత్తు తేల్చేటప్పుడు చాలా రాష్ట్రాలు అంతస్తులను లెక్కపెట్టవు, మీటర్లను కొలుస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో హైదరాబాద్ కోసం వచ్చిన జీవో 86 స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చనే ఎఫ్ఏఆర్ పరిమితికే స్వస్తి చెప్పింది. రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం, చుట్టూ వదలాల్సిన ఖాళీ, వీటిని బట్టి ఎత్తు. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 అదే బాటను రాష్ట్రమంతటికీ పరిచింది. 7, 10, 12, 15 మీటర్లు, ఆపైన 18కి లోపు అనే మెట్లు అందులోవే. ఆంధ్రప్రదేశ్ 2017లో జీవో 119తో కొత్త నిబంధనలు తెచ్చుకుంది. తెలంగాణ 2020లో టీఎస్ బీపాస్ చట్టం చేసి, 75 గజాల లోపు జాగాలో 7 మీటర్ల దాకా కట్టే ఇంటికి రూపాయి రుసుముతో నమోదు చేసుకుంటే చాలంది. 500 చదరపు మీటర్ల లోపు జాగాలో 10 మీటర్ల దాకా సొంత ధ్రువీకరణ మీదే తక్షణ అనుమతి ఇచ్చింది.

ఈ అంకెలు గాలిలోంచి రాలేదు. 2.75 మీటర్ల గది, దానిపైన ఐదంగుళాల స్లాబు కలిస్తే ఒక అంతస్తుకు సుమారు 2.88 మీటర్లు. పునాది మట్టం 45 సెంటీమీటర్లు. ఆ లెక్కన రెండు అంతస్తులకు 6.2 మీటర్లు అవుతుంది, అది 7లో ఇముడుతుంది. మూడింటికి 9.1 మీటర్లు, 10లో ఇముడుతుంది. నాలుగింటికి 11.96 మీటర్లు, 12 మీటర్ల గీతకు నాలుగు సెంటీమీటర్ల దూరం. గదిలో గాలి ఆడాలని యజమాని సీలింగ్‌ను అరడుగు పెంచితే ఇల్లు అక్కడికక్కడే అక్రమమవుతుంది. మన పట్టణాల్లో కొత్త ఇళ్ల సీలింగ్‌లు తాతల ఇళ్ల కన్నా ఎందుకు కిందికి దిగాయో చెప్పడానికి ఈ లెక్క కన్నా మంచి సాక్ష్యం దొరకదు. అందరూ ప్లానులో గదుల కొలతలే చూస్తారు. ఇంటిని నిలువునా కోసి చూపే సెక్షన్ డ్రాయింగ్‌ను తిరగేసేవాళ్లు అరుదు. ఎత్తు ఉండేది అందులోనే.

స్టిల్ట్ సంగతి వీటన్నిటికన్నా రసవత్తరం. గోడలు లేకుండా స్తంభాల మీద నిలిచి, కార్లకు మాత్రమే చోటిచ్చే ఆ మట్టాన్ని తెలుగు రాష్ట్రాల నిబంధనలు ఎత్తులో లెక్కించవు. 15 మీటర్లంటే స్టిల్ట్ పోను 15 మీటర్లు. అందుకే అపార్ట్‌మెంట్లలో స్టిల్ట్ ప్లస్ ఫైవ్ సాధ్యమవుతోంది. ఉద్దేశం మంచిదే. వాహనాలు రోడ్డు మీద కాకుండా ఇంటి కింద ఉండాలంటే ఇంటి యజమానికి ఏదో ఒక తాయిలం ఇవ్వాలి కదా. కానీ ఈ తాయిలం షరతు మీద ఇచ్చినది. ఆ ఖాళీలో గోడ లేచి, షట్టరు పడి, కిరాణా కొట్టు వెలిస్తే మినహాయింపు పోతుంది, అంతస్తు పుడుతుంది. ఒక్క ఇటుక కూడా పైన పెట్టకుండానే ఇంటికి ఒక అంతస్తు పెరిగిపోయే విడ్డూరం ఇది. కొందరు అనుమతి మేరకే నాలుగు కట్టామని ప్రమాణం చేసి చెబుతారు. నిజమే, నాలుగే కట్టారు. ఐదోది కింద తలుపులు బిగించినప్పుడు వచ్చింది.

జంషెడ్‌పూర్‌లో జరిగింది అచ్చంగా ఇదే. నోటిఫైడ్ ఏరియా కమిటీ పరిధిలో, ముఖ్యంగా బిష్టుపూర్, సాక్చి వ్యాపార వీధుల్లో, పార్కింగ్ కోసమని మంజూరు చేయించుకున్న సెల్లార్లు దుకాణాలయ్యాయి, పైన ప్లానులో లేని అంతస్తులు లేచాయి. వ్యవహారం ప్రజాప్రయోజన వ్యాజ్యంగా జార్ఖండ్ హైకోర్టుకు చేరింది. స్వయంగా వెళ్లి చూసిరమ్మని కోర్టు న్యాయవాదుల బృందాన్ని పంపింది. సెల్లార్లు ఖాళీ చేయించడం, అదనపు భాగాలను కూల్చడం వార్తల్లోకెక్కాయి. జుగ్సలాయి ఆ సరిహద్దుకు అవతల ఉంది కనుక ఊపిరి పీల్చుకోవచ్చని ఎవరైనా అనుకుంటే అది పొరపాటే. సంస్థలు వేరు కావచ్చు, నిబంధనలు ఒకటే. జుగ్సలాయిలో సందుల వెడల్పును చూస్తే చాలా ఇళ్లకు అసలు అర్హత ఎంతన్నదే పెద్ద ప్రశ్న.

స్టిల్ట్ మినహాయింపు మీద పెద్ద రభస జరిగింది హర్యానాలో. అక్కడ 2017 నుంచి నివాసపు ప్లాట్లలో స్టిల్ట్ ప్లస్ ఫోర్‌కు దారి తెరిచారు. ప్రభుత్వం దృష్టిలో అవి నాలుగు అంతస్తులు, పక్కింటివాళ్ల కళ్లకు ఐదు. ఎండ రావడం లేదని, నీళ్లు, మురుగు కాల్వలు చాలడం లేదని, గోడలు బీటలు వారుతున్నాయని ఫిర్యాదులు పోటెత్తడంతో 2023 ఫిబ్రవరిలో కొత్త అనుమతులు ఆపేశారు. పి. రాఘవేంద్రరావు సారథ్యంలోని నిపుణుల కమిటీ పరిశీలన తర్వాత 2024 జూలైలో షరతులతో మళ్లీ అనుమతించారు. ఏడాదిన్నర పాటు ఒక రాష్ట్రం మల్లగుల్లాలు పడింది ఒక్క అంతస్తును లెక్కించాలా వద్దా అని.

లెక్కకు రాని ఆ అంతస్తును భూమి మాత్రం లెక్కిస్తుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు వందల కిలోమీటర్ల దూరంలోని అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింద ఇలాంటి ఖాళీ మట్టమే ఉంది. పైన ఇటుక గోడలతో బిగిసి ఉన్న అంతస్తులు, కింద ఉత్త స్తంభాలు. కుదుపంతా ఆ స్తంభాల మీదే పడింది. ఆ మరుసటి ఏడాది సవరించిన భూకంప ప్రమాణం ఐఎస్ 1893, ఇలాంటి ‘మెత్తని అంతస్తు’ స్తంభాలను, దూలాలను మామూలు లెక్కకు రెండున్నర రెట్ల బలానికి రూపొందించాలని చెప్పింది. పట్టణ ప్రణాళిక విభాగం లేదనుకునే అంతస్తే స్ట్రక్చరల్ ఇంజనీరుకు అన్నిటికన్నా ముఖ్యమైన అంతస్తు. ఈ ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చుని మాట్లాడుకోవడం మన పురపాలక సంఘాల్లో ఎంత తరచుగా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇక మిద్దె మీదికి వెళ్దాం. మెట్లకు కప్పు, లిఫ్టు గది, నీళ్ల ట్యాంకు, పిట్టగోడ, ఇవి ఇంటి ఎత్తులోకి రావు. జాతీయ స్మృతి వీటికీ హద్దులు పెట్టింది. మెట్ల గది 3 మీటర్లు దాటకూడదు, ట్యాంకు ఆధారాలతో కలిపి మీటరు, పిట్టగోడ 1.2 మీటర్లు. అన్నీ కలిసి మిద్దె విస్తీర్ణంలో మూడో వంతు మించితే మినహాయింపు చెల్లదు. హైదరాబాద్‌లో ఈ హద్దుల మీద ఒక పరిశ్రమే వెలిసింది, దాని పేరు పెంట్‌హౌస్. మెట్ల గదికి ఆనుకుని పూజగది, దాన్నానుకుని రేకుల షెడ్డు, ఆపై ఒక వంటిల్లు. ఓ శుభముహూర్తాన రేకులు పోయి స్లాబు వస్తుంది.

పూర్తి అంతస్తు ఏదన్న తగువు మనకొక్కరిదే కాదు. జర్మనీలో దీనికి ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. వాళ్ల నమూనా నిబంధన చాలాకాలం చెప్పిందేమంటే, పైకప్పు నేలమట్టానికి సగటున 1.4 మీటర్ల కన్నా పైనుండి, వైశాల్యంలో కనీసం మూడింట రెండు వంతుల మేర 2.3 మీటర్ల ఎత్తు ఉంటేనే అది పూర్తి అంతస్తు. కొన్ని రాష్ట్రాలు మూడింట రెండును నాలుగింట మూడుగా మార్చుకున్నాయి. దాంతో వాలు కప్పుల కింద పడకగదులు, నేలలోకి సగం దిగిన గదులు అక్కడ వాస్తుశిల్పుల చేతివాటంగా మారాయి. కన్నాలు వెతకడంలో జర్మన్లు మనకేం తీసిపోరు. తేడా ఏమిటంటే వాళ్లు కన్నాన్ని ప్లానులో చూపించి వాడుకుంటారు. మనం ప్లానులో లేనిదాన్ని కట్టి, క్రమబద్ధీకరణ కోసం కాచుకుని కూర్చుంటాం.

కాచుకోవడానికి కారణం ప్రభుత్వాలే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 డిసెంబర్ 31న జీవో 901తో భవనాల అపరాధ రుసుము పథకం వచ్చింది, ఇదే ఆఖరని అప్పుడు గట్టిగా నమ్మబలికారు. 2015లో రెండు తెలుగు రాష్ట్రాలూ వేర్వేరుగా మళ్లీ తెచ్చాయి. తెలంగాణ పథకం హైకోర్టు వ్యాజ్యాల్లో చిక్కుకుని ఏళ్ల తరబడి దరఖాస్తులు అటకెక్కాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో మరోసారి, 2025లో ఇంకోసారి తలుపు తెరిచింది. జార్ఖండ్ కూడా 2022లో 15 మీటర్లలోపు, జి ప్లస్ త్రీ వరకు కట్టడాలకు వర్తించేలా ముసాయిదా విడుదల చేసింది. ఆస్తిపన్ను వ్యవహారమూ ఇలాంటిదే. తెలంగాణలో అనుమతి లేని అంతస్తు మీద నూరు శాతం అపరాధపు పన్ను వేస్తారు. పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదని చట్టం చెబుతుంది. రసీదు చేతిలో ఉన్న యజమాని అలా అనుకోడు. ఏటా రెట్టింపు కడుతున్నాను కదా, ఇంకేం కావాలంటాడు. అతని తర్కంలో తప్పు పట్టడం కష్టం. ప్రభుత్వం ఒక చేత్తో కాదంటూ మరో చేత్తో డబ్బు తీసుకుంటోంది మరి.

ఈ లెక్కల మూల్యం కొన్నిసార్లు డబ్బులో ఉండదు. 2016 డిసెంబర్ 8 రాత్రి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో అనుమతి లేకుండా లేస్తున్న ఏడంతస్తుల భవనం కుప్పకూలి 11 మంది చనిపోయారు. విజయనగరం జిల్లా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చి, కడుతున్న ఇంట్లోనే కాపురమున్న కూలీల కుటుంబాలు వాళ్లవి. 2024 నవంబర్ 19న గచ్చిబౌలి సిద్ధిఖ్‌నగర్‌లో చారెడు జాగాలో లేచిన బహుళ అంతస్తుల ఇల్లు పక్క జాగాలో పునాది తవ్వుతుండగా ఒరిగిపోయింది. జనం మెట్ల మీదుగా పరుగులు తీశారు, మర్నాడే దాన్ని నేలమట్టం చేశారు. 2025 మార్చి 26న భద్రాచలంలో పాత కట్టడం మీద అంతస్తులు పెంచుతున్న ఆరంతస్తుల భవనం కూలి కూలీల ప్రాణాలు తీసింది. మూడు చోట్లా పునాది ఎన్ని అంతస్తులు మోయగలదన్న ప్రశ్నకు జవాబు లేకుండానే పైకి పోయారు.

జుగ్సలాయిలో మిద్దె మీద చువ్వలు వదిలిన యజమానికి ఇప్పుడు ఇంకో కొత్త చిక్కు ఎదురుకానుంది. మీరట్ శాస్త్రినగర్‌లోని ఒక నివాస ప్లాటులో వెలిసిన దుకాణాల కేసులో సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 17న ఇచ్చిన తీర్పు దేశమంతటికీ కొన్ని ఆదేశాలిచ్చింది. మంజూరైన ప్లానును కట్టడం సాగినంత కాలం అక్కడ కనిపించేలా పెట్టాలి. నిర్మాణం ప్లాను ప్రకారమే ఉందని పురపాలక సంస్థ ధ్రువపత్రం ఇచ్చాకే కరెంటు, నీరు, మురుగు కనెక్షన్లు ఇవ్వాలి. ఆ పత్రం చూశాకే బ్యాంకులు ఇంటి మీద అప్పులివ్వాలి. తప్పుడు ధ్రువపత్రం ఇచ్చిన అధికారి మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలి. అధికారులు కళ్లు మూసుకున్నారనో, ఎన్నో ఏళ్లు గడిచిపోయాయనో అక్రమం సక్రమం కాజాలదని కూడా కోర్టు తేల్చింది.

ఇరుకు సందులో ఇల్లున్న కుటుంబానికి దీని అర్థం సూటిగా ఉంటుంది. ఇద్దరు కొడుకులకు చెరో వాటా, అద్దెకు ఒకటి అనుకుని మూడో స్లాబు వేస్తే, ప్లానులో అది లేకపోతే, ఆ వాటాకు విడిగా మీటరు రాదు. మీటరు లేని వాటాకు అద్దె సగం. అన్నదమ్ములు పంచుకునే రోజున దాని మీద బ్యాంకు అప్పూ పుట్టదు, రిజిస్ట్రేషన్ దస్తావేజులో రాయడానికి దానికి పేరూ ఉండదు. దిగువ రెండు వాటాలు ఒకరికి, పైన ఉన్నదీ లేనిదీ కాని వాటా మరొకరికి వస్తే ఆ తగువు ఏ కోర్టు తీర్చాలి? జుగ్సలాయి నగర పరిషత్తుకు ప్లాను దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్లోనే వెళ్తుంది. లైసెన్సున్న ఆర్కిటెక్టు గీసిన ఫైలులోని ఎత్తు, వెడల్పు, ఖాళీ జాగాలను నిబంధనలతో పోల్చి చూసేది ముందుగా కంప్యూటర్. దానికి తల్లా తెలియదు, జి ప్లస్ టూ తెలియదు. అది చూసేది మీటర్లే.